హార్ట్ ట్రాన్స్‌మిటర్ కమ్యూనికేటర్‌కి దొరకడం లేదా? విప్పేముందు ఇవి చూడండి

ప్రెషర్, లెవెల్ లాంటివి కొలిచి కంట్రోల్ రూమ్‌కి పంపే పరికరం ట్రాన్స్‌మిటర్. హార్ట్ (HART) అనే పద్ధతిలో, అవే తీగల మీద దాంతో మాట్లాడి సెట్టింగులు చూసే చేతి పరికరం కమ్యూనికేటర్. ఆ కమ్యూనికేటర్ క్లిప్పులు పెట్టారు. స్క్రీన్ మీద కాసేపు వెతికి వెతికి, చివరికి డివైస్ దొరకలేదని వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో మాత్రం రీడింగ్ చక్కగా వస్తూనే ఉంది. ఇలాంటప్పుడు మన ఫ్యాక్టరీల్లో చాలామంది చేసే పని ఒకటే: ట్రాన్స్‌మిటర్ పోయిందని రాసేసి, స్టోర్స్ నుంచి కొత్తది తెచ్చి బిగించేస్తారు. కొత్తది కూడా మాట్లాడదు. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

నా అనుభవంలో కమ్యూనికేషన్ రాకపోవడానికి ట్రాన్స్‌మిటర్ లోపలి బోర్డు కారణం కావడం చాలా తక్కువ. తప్పు ఎక్కువగా బయటే దొరుకుతుంది. వోల్టేజ్ చాలకపోవడం, రెసిస్టెన్స్ లేకపోవడం, జంక్షన్ బాక్సులో తడి, షీల్డ్ (కేబుల్ లోపల తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) రెండు చోట్ల ఎర్త్ అవడం, అడ్రస్ మారిపోవడం. వీటిలో చాలావరకు ఒక మంచి మల్టీమీటర్‌తో, ఓపికతో పట్టుకోవచ్చు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లోనో, కొండపల్లి పారిశ్రామికవాడలోనో, గుంటూరు చుట్టుపక్కల డెయిరీల్లో, మిర్చి కోల్డ్ స్టోరేజీల్లోనో కొత్తగా ఇన్‌స్ట్రుమెంట్ పనిలో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అసలు మాట ఎలా వెళ్తుంది

రెండు తీగల మీద 4 నుంచి 20 మిల్లీఆంప్ కరెంట్ వెళ్తుందని మీకు తెలుసు. 1980లలో రోజ్‌మౌంట్ కంపెనీ తెచ్చిన హార్ట్ పద్ధతిలో అదే కరెంట్ మీద ఒక చిన్న అల ఎక్కుతుంది. ఒకటి అని చెప్పాలంటే 1200 హెర్ట్జ్, సున్నా అని చెప్పాలంటే 2200 హెర్ట్జ్. ట్రాన్స్‌మిటర్ పంపే అల ఎత్తు అటూ ఇటూ అర మిల్లీఆంప్ మాత్రమే. అది పైకి ఎంత పోతుందో కిందికీ అంతే పోతుంది కాబట్టి సగటు సున్నా. అందుకే కమ్యూనికేటర్ మాట్లాడుతున్నా రీడింగ్ కదలదు.

ఇందులోంచి రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. రీడింగ్ బాగుంది అంటే కరెంట్ బాగుందని మాత్రమే అర్థం, అల బాగుందని కాదు. రెండోది, ఆ అర మిల్లీఆంప్ వోల్టేజ్‌గా కనబడాలంటే దారిలో రెసిస్టెన్స్ ఉండాలి. పవర్ సప్లయ్‌కి ఆ అల పరంగా రెసిస్టెన్స్ దాదాపు లేనట్టే. రెసిస్టర్ లేకపోతే మాట మొత్తం సప్లయ్‌లోకి పోయి మాయమైపోతుంది. లూప్‌లో, అంటే సప్లయ్ నుంచి ట్రాన్స్‌మిటర్ దాకా పోయి తిరిగొచ్చే దారి మొత్తంలో, కనీసం 230 ఓమ్‌లు కావాలి. మనం మామూలుగా 250 వాడతాం.

ముందు కంట్రోల్ రూమ్‌కి చెప్పండి

మీటర్ బయటికి తీయకముందే ఆ ట్యాగ్ (ప్లాంట్‌లో ఆ ట్రాన్స్‌మిటర్‌కి ఇచ్చిన నంబర్) ఎక్కడెక్కడ వాడుతున్నారో తెలుసుకోండి. అది ఇండికేషన్ మాత్రమేనా, కంట్రోల్ లూపా (రీడింగ్‌ని బట్టి వాల్వ్‌ని తనంతట తానే సర్దేదా), ట్రిప్‌లో (యూనిట్‌ని ఆపేసే రక్షణలో) ఉందా? బాయిలర్ డ్రమ్ లెవెల్, ఫర్నేస్ డ్రాఫ్ట్ లాంటి వాటికి మూడేసి ట్రాన్స్‌మిటర్లు ఉంటాయి. మూడింట్లో రెండు తప్పు చూపిస్తే యూనిట్ ట్రిప్ అవుతుంది. ఒకటి అప్పటికే బైపాస్‌లో (ట్రిప్ లెక్కలోంచి తాత్కాలికంగా పక్కన పెట్టి) ఉండగా మీరు రెండోదాని తీగ వదులు చేసినా ట్రిప్ అయిపోవచ్చు.

ప్యానెల్ ఆపరేటర్లు సాధారణంగా అడిగే మాట: "అన్నా, రీడింగ్ వస్తోంది కదా, ఇప్పుడు దాన్ని కదపడం అవసరమా?" ఆ ప్రశ్నను చిరాకుగా తీసుకోకండి, అడగడం వాళ్ళ బాధ్యత. కంట్రోల్ లూప్ అయితే మాన్యువల్‌లో పెట్టించండి. ఇంటర్‌లాక్ ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జి సంతకంతో బైపాస్ చేయించండి. పర్మిట్‌లో ట్యాగ్ నంబర్ స్పష్టంగా రాయించండి. ఆయిల్ డిపో, గ్యాస్ బాట్లింగ్ లాంటి చోట్ల కమ్యూనికేటర్, మీటర్ రెండూ ఆ ప్రాంతానికి సర్టిఫై అయినవే వాడాలి. పవర్ ఉండగా ట్రాన్స్‌మిటర్ మూత తీయడానికి అక్కడ అనుమతి ఉందో లేదో అడిగి తెలుసుకున్నాకే స్పానర్ పట్టుకోండి.

మీ చేతిలోది బాగుందా?

కమ్యూనికేటర్‌ను పక్కనే బాగా పనిచేస్తున్న ఇంకో ట్రాన్స్‌మిటర్‌కి పెట్టి చూడండి. అక్కడ దొరికితే మీ పరికరం, లీడ్లు బాగున్నట్టే. దొరక్కపోతే ముందు లీడ్ మార్చండి. ఎన్నాళ్ళుగానో బ్యాగులో మడిచి మడిచి పెట్టిన లీడ్లు క్లిప్పు మొదట్లోనే తెగుతాయి, పైన ప్లాస్టిక్ మాత్రం బాగానే కనబడుతుంది.

తర్వాత నేమ్‌ప్లేట్ చదవండి. ఆ ట్రాన్స్‌మిటర్‌కి హార్ట్ అసలు వచ్చా? యోకోగావా ఈజేఏ మోడల్ నంబర్‌లో గీత తర్వాత మొదటి అక్షరం ఇ అయితే హార్ట్, డి అయితే వాళ్ళ సొంత బ్రెయిన్ పద్ధతి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. పాత హనీవెల్ ఎస్‌టీ 3000లలో కొన్ని డీఈ అనే వేరే పద్ధతిలో మాట్లాడతాయి. వీటికి హార్ట్ కమ్యూనికేటర్ ఎన్నిసార్లు పెట్టినా జవాబు రాదు. పాత ప్లాంట్లలో మూడు రకాలూ ఒకే ర్యాక్ మీద కనిపిస్తాయి కాబట్టి నేమ్‌ప్లేట్ మీది దుమ్ము తుడిచి చదవడం తప్పనిసరి.

క్లిప్పులు ఎక్కడ పెట్టారు?

కమ్యూనికేటర్‌ని ట్రాన్స్‌మిటర్ ప్లస్, మైనస్ టెర్మినల్స్ మధ్య పెట్టవచ్చు, లేదా 250 ఓమ్ రెసిస్టర్ రెండు చివరల మధ్య పెట్టవచ్చు. ఏది ప్లస్, ఏది మైనస్ అని చూడాల్సిన పని లేదు. పెట్టకూడని చోటు పవర్ సప్లయ్ రెండు చివరలు. అక్కడ అల ఉండదు. ప్యానెల్‌లో 24 వోల్టుల బార్ మీద క్లిప్పులు పెట్టి దొరకడం లేదంటున్న వాళ్ళను చాలామందిని చూశాను.

టెర్మినల్ బ్లాకులో టెస్ట్ అని రాసి ఉన్న స్క్రూల మీద కూడా పెట్టకండి. చాలా ట్రాన్స్‌మిటర్లలో అక్కడ లోపల ఒక డయోడ్ ఉంటుంది. తీగ విప్పకుండా మీటర్‌తో మిల్లీఆంప్ చూసుకోవడానికి అది ఇచ్చారు. ఆ పనికి మాత్రం వాడండి, చాలా ఉపయోగం.

వోల్టేజ్, రెసిస్టెన్స్: ఇక్కడ తొందరపడకండి

మీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి ట్రాన్స్‌మిటర్ టెర్మినల్స్ దగ్గరే కొలవండి. ప్యానెల్‌లో 24 ఉంది కదా అని వదిలేయకండి. చాలా ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లకు టెర్మినల్ దగ్గర కనీసం 10.5 వోల్టులు కావాలి. మీ మోడల్‌కి ఎంతో మాన్యువల్‌లో చూడండి, డిస్‌ప్లే ఉన్నవాటికి, రాడార్ లెవెల్ వాటికి ఇంకా ఎక్కువ కావచ్చు.

ఇప్పుడు కొత్తవాళ్ళు జారిపోయే చోటు చెప్తాను. కొలిచిన సమయంలో కరెంట్ ఎంత ఉందో కూడా రాసుకోవాలి. ఎందుకంటే కరెంట్ పెరిగేకొద్దీ దారిలో వోల్టేజ్ ఎక్కువ పడిపోతుంది, ట్రాన్స్‌మిటర్‌కి మిగిలేది తగ్గుతుంది.

ఒక లూప్ లెక్క వేసి చూద్దాం. సప్లయ్ 24 వోల్టులు. డీసీఎస్ (కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్ వ్యవస్థ) కార్డులో 250 ఓమ్‌లు. మధ్యలో జీనర్ బ్యారియర్ (ప్రమాదకర ప్రాంతంలోకి ఎక్కువ కరెంట్ పోకుండా ఆపేది), దాని రెసిస్టెన్స్ 340 ఓమ్‌లు అనుకుందాం. కేబుల్ 500 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి కిలోమీటరుకి సుమారు 12 ఓమ్‌లు. పోను రాను కలిపి ఒక కిలోమీటరు కాబట్టి 12 ఓమ్‌లు. మొత్తం 602. కరెంట్ 20 మిల్లీఆంప్ ఉన్నప్పుడు 12 వోల్టులు దారిలోనే పోతాయి. మిగిలేది 12. సరిపోతుంది, కానీ చేతిలో మిగిలేది ఒకటిన్నర వోల్టే.

ఈ లూప్‌లో ఎవరో ఎప్పుడో కమ్యూనికేషన్ కోసమని ఇంకో 250 ఓమ్ రెసిస్టర్ ప్యానెల్‌లో పెట్టి, తీయడం మర్చిపోయారు. ఇప్పుడు మొత్తం 852. కరెంట్ 8 మిల్లీఆంప్ ఉన్నప్పుడు ట్రాన్స్‌మిటర్‌కి 17 వోల్టులు మిగులుతాయి, కమ్యూనికేటర్‌కి వెంటనే దొరుకుతుంది. కరెంట్ 15.8 దాటాలంటే మాత్రం మిగిలేది 10.5 కన్నా తగ్గిపోతుంది. అక్కడి నుంచి రీడింగ్ పైకి పోదు, కమ్యూనికేషన్ తెగిపోతుంది, కొన్నిసార్లు ట్రాన్స్‌మిటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. రాత్రి లోడ్ తక్కువున్నప్పుడు బాగుండి, పగలు లోడ్ పెరిగితే మొండికేసే ట్రాన్స్‌మిటర్ ఏదైనా ఉంటే ముందు ఈ లెక్క వేయండి. వీలైతే లూప్ టెస్ట్‌లో (ట్రాన్స్‌మిటర్ చేత మనకు కావాల్సిన కరెంట్ పంపించే పరీక్షలో) 20 మిల్లీఆంప్ పెట్టించి ఆ సమయంలో టెర్మినల్ వోల్టేజ్ కొలవండి. ఆ ఒక్క అంకె మీకు చాలా చెప్తుంది.

దీనికి ఉల్టా సంగతి కూడా ఉంది. వోల్టేజ్ పుష్కలంగా ఉంటుంది, కమ్యూనికేషన్ మాత్రం అసలు ఉండదు. అప్పుడు రెసిస్టెన్స్ తక్కువేమో చూడండి. కొన్ని పీఎల్‌సీ (మిషన్లను నడిపే చిన్న కంట్రోలర్) కార్డుల్లో లోపల 50, 100 ఓమ్‌లే ఉంటాయి. డెయిరీల్లో, చిన్న బాయిలర్లున్న మిల్లుల్లో పీఎల్‌సీలు ఎక్కువ కాబట్టి మన దగ్గర ఈ తంటా తరచూ వస్తుంది. సప్లయ్‌కి, ట్రాన్స్‌మిటర్‌కి మధ్య సిరీస్‌లో 250 ఓమ్ రెసిస్టర్ పెడితే సరిపోతుంది. ఫ్లూక్ 789 లాంటి మీటర్లలో ఈ రెసిస్టర్ లోపలే ఉంటుంది. ఏది పెట్టినా లూప్ ఒక్క క్షణం తెగుతుందని, రీడింగ్ సున్నాకి పడుతుందని మర్చిపోకండి. బైపాస్ లేకుండా ఆ పని చేయకండి. పెట్టాక పై లెక్క మళ్ళీ వేసి, 20 మిల్లీఆంప్ దగ్గర వోల్టేజ్ చాలుతుందో లేదో చూసుకోండి.

లూప్‌ని ముక్కలు చేసి వెతకండి

వోల్టేజ్, రెసిస్టెన్స్ సరిగా ఉన్నా దొరకకపోతే, ఒకే చోట నిలబడి ప్రయత్నించడం ఆపి చోటు మార్చండి. ట్రాన్స్‌మిటర్ టెర్మినల్ దగ్గర ఒకసారి, ఫీల్డ్ జంక్షన్ బాక్సులో ఒకసారి, మార్షలింగ్ క్యాబినెట్‌లో (ఫీల్డ్ తీగలన్నీ వచ్చి చేరే ప్యానెల్‌లో) బ్యారియర్‌కి ఫీల్డ్ వైపు ఒకసారి, సిస్టమ్ వైపు ఒకసారి. ఎక్కడి వరకు దొరికింది, ఎక్కడి నుంచి దొరకలేదు అన్నది తేలితే తప్పు ఆ రెండింటి మధ్యే ఉంటుంది.

ఫీల్డ్ వైపు దొరికి సిస్టమ్ వైపు దొరకలేదంటే మధ్యలో ఉన్న ఐసోలేటర్ హార్ట్ అలను దాటనివ్వనిదై ఉండొచ్చు. కరెంట్‌ను కొలిచి అవతలి వైపు కొత్తగా తయారుచేసి ఇచ్చే ఐసోలేటర్లలో కొన్ని ఆ అలను వడపోసేస్తాయి. పాతది కాలిపోయినప్పుడు ధర తక్కువని వేరే మోడల్ తెచ్చి బిగించిన చోట ఇది జరుగుతుంది. రీడింగ్‌లో ఏ తేడా ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. డేటాషీట్‌లో హార్ట్ పాస్ అవుతుందని రాసి ఉంటేనే కొనమని స్టోర్స్‌కి రాసి ఇవ్వండి.

ట్రాన్స్‌మిటర్ దగ్గర కూడా దొరకలేదంటే దాన్ని వర్క్‌షాప్‌కి తెచ్చి, 24 వోల్టుల సప్లయ్, 250 ఓమ్ రెసిస్టర్, రెండు అడుగుల తీగతో పెట్టి చూడండి. బెంచి మీద మాట్లాడితే ట్రాన్స్‌మిటర్ మంచిదే, ఇక కేబుల్ మీద పడండి. బెంచి మీద కూడా మాట్లాడకపోతే అప్పుడు బోర్డు మీద అనుమానపడండి. మార్చాలన్న నిర్ణయం ఈ పరీక్ష తర్వాతే తీసుకోవాలి.

జంక్షన్ బాక్సు మూత తీయండి

కృష్ణా నది పక్కన ఉన్న ఊళ్ళు మనవి. మే నెలలో ఎండ మాడ్చేస్తుంది, గ్లాండ్ రబ్బరు ఎండి పగులుతుంది. జూన్‌లో మొదటి వాన పడగానే ఆ పగుళ్ళలోంచి తడి లోపలికి పోతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద నీళ్ళు మీ యూనిట్‌లోకి కూడా వచ్చి ఉంటే, అప్పుడు మునిగిన బాక్సుల్ని ఇప్పటికీ అనుమానంతోనే చూడండి.

ఒక చోట నేను చూసిన బాక్సు గురించి చెప్తాను. బయటికి శుభ్రంగా పెయింట్ వేసి ఉంది. పైవైపు వాడని గ్లాండ్ రంధ్రం ఒకటి ఉంది, దానికి ప్లగ్ లేదు, టేపు చుట్టారు. మూత తీస్తే అడుగున చీమల మట్టి, టెర్మినళ్ళ మధ్య తెల్లటి ఉప్పు పొర, రాగి తీగ చివర ఆకుపచ్చగా చిలుము. తీగ వేలితో కదిపితే లగ్గులోంచి ఊడి వచ్చింది. మధ్యాహ్నం ఎండకి బాక్సు ఆరినప్పుడు కమ్యూనికేషన్ వచ్చేది, తెల్లవారుజామున మంచు దిగితే పోయేది. టెర్మినల్ స్ట్రిప్ మార్చి, తీగలు అంగుళం కోసి కొత్త లగ్గులు నొక్కి, ఆ రంధ్రానికి సరైన ప్లగ్ బిగించాక మళ్ళీ ఆ గొడవ రాలేదు.

ఇలాంటి తడి రెండు రకాలుగా పాడుచేస్తుంది. ప్లస్, మైనస్‌ల మధ్య చిన్న కరెంట్ దొంగదారిలో పోతుంది, అది రీడింగ్‌లో కలిసి తప్పు చూపిస్తుంది. చిలుము పట్టిన కీలు దగ్గర రెసిస్టెన్స్ పెరిగి, తగ్గి అలను చెడగొడుతుంది. కనిపెట్టడం తేలికే. కమ్యూనికేటర్ అవుట్‌పుట్ 12 మిల్లీఆంప్ అని చెప్తున్నప్పుడు మీ మీటర్ ప్యానెల్‌లో 12.3 చూపిస్తుంటే, అవుట్‌పుట్ ట్రిమ్ (పంపే కరెంట్‌ని సరిదిద్దే సెట్టింగ్) మీద అనుమానం లేకపోతే, దారిలో ఎక్కడో లీకేజీ ఉన్నట్టే.

కేబుల్ ఇన్సులేషన్ మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజ్ పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో) చూడాలనుకుంటే ట్రాన్స్‌మిటర్ వైపు, కార్డు వైపు రెండు చివర్లా తీగలు విప్పి చూడండి. విప్పకుండా మెగ్గర్ తిప్పితే ట్రాన్స్‌మిటర్‌తో పాటు కార్డు కూడా పోతుంది.

నాయిస్, షీల్డ్

అల చిన్నది కాబట్టి పక్కన పెద్ద శబ్దం ఉంటే మునిగిపోతుంది. సంక్రాంతి ముందురోజు విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో నిలబడి ఫోన్ మాట్లాడినట్టే ఉంటుంది. ఇక్కడ శబ్దం చేసేది సాధారణంగా వీఎఫ్‌డీ, అంటే మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్. ఫ్యాను, పంపు ఆన్ అయినప్పుడు కమ్యూనికేషన్ పోయి, ఆపితే వస్తే ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

షీల్డ్‌ని ప్యానెల్ వైపు ఒక్క చోటే ఎర్త్ చేయాలి. ఫీల్డ్ వైపు షీల్డ్ చివర టేపు చుట్టి వదిలేయాలి. జంక్షన్ బాక్సులో ఒక కేబుల్ షీల్డ్ ఇంకో కేబుల్ షీల్డ్‌తో తెగకుండా కలిసి ఉండాలి, కానీ బాక్సు బాడీకి తగలకూడదు. పరీక్ష ఏమిటంటే, ప్యానెల్‌లో షీల్డ్‌ని ఎర్త్ బార్ నుంచి విప్పి, షీల్డ్‌కి ఎర్త్‌కి మధ్య కొలవండి. ఓపెన్ చూపించాలి. కొన్ని ఓమ్‌లే చూపించిందంటే ఫీల్డ్‌లో ఎక్కడో రెండో ఎర్త్ ఉంది.

మోటార్ కేబుల్, సిగ్నల్ కేబుల్ ఒకే ట్రేలో పక్కపక్కన నడిపి ఉంటే విడదీయించండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబంగా దాటించండి. పవర్ సప్లయ్ పాతదైతే దాని రిపుల్ (డీసీలో మిగిలిపోయిన హెచ్చుతగ్గులు) కూడా చూడండి. మామూలు కరెంటు ఫ్రీక్వెన్సీ దగ్గర రిపుల్ 0.2 వోల్టులు దాటకూడదు. ముసలి కెపాసిటర్లున్న సప్లయ్‌లో అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఒకే సప్లయ్ మీదున్న ట్రాన్స్‌మిటర్లన్నీ ఒకేసారి మూగబోతే మొదటి అనుమానం దాని మీదే.

కేబుల్ బాగా పొడవైతే దాని కెపాసిటెన్స్ కూడా అలను తినేస్తుంది. రెసిస్టెన్స్, కెపాసిటెన్స్‌ల గుణకారం 65 మైక్రోసెకన్లు దాటకూడదన్నది లెక్క. 250 ఓమ్‌లకి అది 0.26 మైక్రోఫారడ్. మన దగ్గర మామూలు దూరాలకి ఇది అడ్డురాదు.

అడ్రస్, మాస్టర్లు, వెర్షన్లు

తీగలన్నీ బాగున్నా దొరక్కపోతే కమ్యూనికేటర్ సెట్టింగ్‌లోకి వెళ్ళండి. ఒక్క లూప్‌కి ఒక్క ట్రాన్స్‌మిటర్ ఉంటే అడ్రస్ సున్నా. ఎవరైనా దాన్ని 1 చేసి వదిలేస్తే, సున్నాను మాత్రమే వెతికే కమ్యూనికేటర్‌కి అది దొరకదు. పోలింగ్‌ని, అంటే వెతికే అడ్రస్‌లని, 0 నుంచి 15 దాకా పెట్టి వెతకండి. హార్ట్ 6, 7 వెర్షన్లలో 63 వరకు పోవచ్చు. పాత హార్ట్ 5 ట్రాన్స్‌మిటర్ అడ్రస్ సున్నా కాకపోతే కరెంట్ 4 మిల్లీఆంప్ దగ్గరే బిగుసుకుపోతుంది. ప్రాసెస్ నడుస్తున్నా కదలకుండా కచ్చితంగా 4 చూపిస్తుంటే గుర్తుపట్టవచ్చు.

ఒక లూప్‌లో ఇద్దరు మాస్టర్లే (ట్రాన్స్‌మిటర్‌ని ప్రశ్న అడిగేవాళ్ళు) ఉండాలి, ఒకరు ప్రైమరీ, ఒకరు సెకండరీ. డీసీఎస్ లేదా మల్టిప్లెక్సర్ (చాలా లూప్‌లను ఒక్కొక్కటిగా చదివే పరికరం) ప్రైమరీ, మీ చేతిలోది సెకండరీ. అదే సమయంలో ఇంకొకరు ల్యాప్‌టాప్‌కి మోడెమ్ పెట్టి అదే ట్యాగ్‌లో ఉంటే ఎవరి మాటా పూర్తి కాదు. ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ తనను ప్రైమరీగా పెట్టుకుని ఉంటే డీసీఎస్‌తో తగువు వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ని సెకండరీగా మార్చండి, ఒకసారి ఒకరే పనిచేయండి.

ట్రాన్స్‌మిటర్ దొరికింది కానీ మెనూలు సగమే కనబడుతున్నాయంటే అది కమ్యూనికేషన్ తప్పు కాదు. మీ కమ్యూనికేటర్‌లో ఆ మోడల్, ఆ రివిజన్ డీడీ ఫైల్ (మెనూల వివరాలు ఉండే ఫైల్) లేదు. అప్‌డేట్ చేయించండి. అన్నీ కనబడుతూ, ఏదైనా మార్చబోతే ఒప్పుకోకపోతే బోర్డు మీద రైట్ ప్రొటెక్ట్ జంపర్ (మార్పులు చేయనివ్వకుండా ఆపే చిన్న క్లిప్పు) చూడండి. దాన్ని ఎవరో కావాలనే పెట్టి ఉంటారు కాబట్టి అడగకుండా తీయకండి.

వాల్వ్ పొజిషనర్ల (వచ్చే కరెంట్‌ని బట్టి వాల్వ్‌ని తెరిచి మూసేవి) విషయంలో అదనంగా ఒక్క మాట. అక్కడ కరెంట్ పంపేది అవుట్‌పుట్ కార్డు. పొజిషనర్ దగ్గర పడే వోల్టేజ్‌ని ఆ కార్డు తట్టుకోగలగాలి, దాని అవుట్‌పుట్ ఫిల్టర్ హార్ట్ అలను తినేయకూడదు. తినేస్తుంటే హార్ట్ ఫిల్టర్ ఒకటి సిరీస్‌లో పెడతారు.

పని ముగించే ముందు

దొరికాక వెంటనే పరికరాలు సర్దకండి. టెర్మినల్ వోల్టేజ్, ఆ సమయానికి కరెంట్, లూప్ రెసిస్టెన్స్, అడ్రస్, హార్ట్ వెర్షన్, డివైస్ రివిజన్ లూప్ ఫోల్డర్‌లో తేదీతో రాయండి. వచ్చే వానాకాలం మీ తర్వాత షిఫ్ట్‌కి వచ్చే అమ్మాయి ఆ అంకెలు చూసి అరగంటలో తప్పు పట్టుకుంటుంది. పరీక్ష కోసం పెట్టిన రెసిస్టర్ తీశారో లేదో చూడండి. ఉంచాలనుకుంటే డ్రాయింగ్‌లో ఎక్కించండి. మూతల ఓ-రింగ్ తుడిచి పూర్తిగా బిగించండి. లూప్ టెస్ట్‌లో పెట్టిన కరెంట్ విడుదలైందని, కమ్యూనికేటర్ చూపే విలువ, స్క్రీన్ మీది విలువ ఒకటేనని ప్యానెల్ ఆపరేటర్‌తో ఫోన్‌లో సరిచూసుకోండి. ఆ తర్వాతే బైపాస్ తీయించి, లూప్‌ని ఆటోలో పెట్టించి, పర్మిట్ క్లోజ్ చేయండి.